బంగాళాదుంప పుట్టిల్లు

పాఠ్యభాగ ఉద్దేశం: బంగాళాదుంప ప్రపంచమంతటా పండే పంట. అది మొదట సాగైన ఆండీస్ పర్వతాలలో చిన్న రైతు కుటుంబాలు నేటికీ దానిని తాతముత్తాతల పద్ధతిలో పండిస్తున్నాయి. ఆ సేద్య విధానాన్ని, దాని వెనుక ఉన్న ఆలోచనను తెలియజేయడం, విత్తన వైవిధ్యానికీ మానవుని ఆహార భద్రతకూ గల సంబంధాన్ని విద్యార్థులు గ్రహించేటట్లు చేయడం ఈ పాఠం ఉద్దేశం.

తెలుగువారి వంటింట్లో బంగాళాదుంపకు ఉన్న చనువు అంతా ఇంతా కాదు. తెలంగాణలో ఆలుగడ్డ అనీ, రాయలసీమలో ఉర్లగడ్డ అనీ, కోస్తా జిల్లాల్లో బంగాళాదుంప అనీ పేర్లు వేరైనా, పెళ్లి విందులో వేపుడుగా, పూరీ పక్కన కూరగా, దోసె లోపల ముద్దగా, సాయంకాలపు బజ్జీగా అది అందరికీ పరిచితమే. ఇంటికి అనుకోకుండా చుట్టం వస్తే గృహిణి చేయి మొదట వెతికేది ఆ దుంపల బుట్టనే. ఇంతగా మనదైపోయిన ఈ దుంప నిజానికి మన నేల మీద పుట్టింది కాదు. పోర్చుగీసు వర్తకుల ద్వారా అది పదిహేడవ శతాబ్దంలో భారతదేశపు పడమటి తీరానికి చేరింది. మరాఠీలో దానిని నేటికీ ‘బటాటా’ అని పిలవడం ఆ ప్రయాణానికి గుర్తు. దాని పుట్టిల్లు సముద్రాలకు ఆవల, దక్షిణ అమెరికా ఖండంలో ఉన్నది.

ఆ ఖండపు పడమటి అంచున ఉత్తరం నుంచి దక్షిణం దాకా గోడ కట్టినట్లు నిలిచిన పర్వతశ్రేణి ఆండీస్. పెరూ, బొలీవియా దేశాల సరిహద్దులో, సముద్రమట్టానికి దాదాపు 3,800 మీటర్ల ఎత్తున టిటికాకా సరస్సు ఉంది. ఆ సరస్సు పరిసర ప్రాంతాలలో సుమారు ఏడెనిమిది వేల సంవత్సరాల క్రితం మానవుడు అడవి దుంపలను ఏరి, మచ్చిక చేసి, పంటగా మార్చుకున్నాడని శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. మన తూర్పు కనుమలలోని అత్యున్నత శిఖరాలు సైతం 1,700 మీటర్లకు మించవు. అంతకు రెట్టింపు ఎత్తున ఆండీస్ రైతు పొలం దున్నుతాడు. అక్కడ గాలి పలుచన. పగటి ఎండ చురుక్కుమంటుంది. రాత్రి చలి నీటిని గడ్డకట్టిస్తుంది. వరి పండదు. మొక్కజొన్న కూడా లోయల వరకే పరిమితం. అంతకంటె పైన మనిషి కడుపు నింపగలిగినది ప్రధానంగా ఈ దుంపయే. క్వెచువా, ఐమారా భాషలు మాట్లాడే అక్కడి జనులకు అది కూరగాయ కాదు. మనకు అన్నం ఎంతో వారికి అది అంత. క్వెచువా భాషలో దాని పేరు ‘పాపా’.

ఈ పంట స్వభావాన్ని కొంత తెలుసుకుంటేనే ఆ రైతుల సేద్యంలోని ఔచిత్యం బోధపడుతుంది. బంగాళాదుంప టమాట, వంకాయ, మిరపల కుటుంబానికి చెందిన మొక్క. భూమిలో పెరిగినా దుంప వేరు కాదు. అది ఆహారాన్ని నిల్వ చేసుకుని ఉబ్బిన కాండం. దాని మీద కనిపించే ‘కన్నులు’ మొగ్గలు. మొలకెత్తిన దుంపను నాటితే ప్రతి కన్ను నుంచీ కొత్త మొక్క లేస్తుంది. ఈ పద్ధతిలో గొప్ప సౌలభ్యం ఉంది. తల్లి దుంప గుణాలన్నీ బిడ్డకు తప్పక సంక్రమిస్తాయి. అయితే ఇందులోనే ఒక ప్రమాదమూ పొంచి ఉంది. ఒకే రకపు దుంపలు నాటిన పొలంలో వేల మొక్కలున్నా అవన్నీ ఒకే మొక్కకు ప్రతిరూపాలు. ఏ తెగులు ఒక మొక్కను చంపగలదో అది పొలమంతటినీ చంపగలదు. ఏ రాత్రి చలికి ఒక మొక్క తాళలేదో ఆ రాత్రికి చేను చేనంతా మాడిపోతుంది.

ఈ ప్రమాదానికి ఆండీస్ రైతు వెతుక్కున్న విరుగుడు వైవిధ్యం. అక్కడి చిన్న రైతుకు ఒకే చోట విశాలమైన క్షేత్రం ఉండదు. ఒక్కొక్క కుటుంబానికి కొండవాలు పొడవునా, వేర్వేరు ఎత్తులలో, చిన్న చిన్న మడులు చెదరి ఉంటాయి. ఒకటి లోయకు దగ్గరగా, మరొకటి ఎండ తగిలే వాలులో, ఇంకొకటి ఇంటికి రెండు మూడు గంటల నడక దూరంలో ఉండవచ్చు. పైకి చూస్తే ఇది శ్రమను వృథా చేసే ఏర్పాటుగా తోస్తుంది. కాని వడగళ్లు ఒక వాలును తాకినప్పుడు మరొక వాలు మిగులుతుంది. పై మడి చలికి మాడిన ఏడు కింది మడి ఇంటిని ఆదుకుంటుంది. ఏటా అత్యధిక ఫలసాయం పొందడం కంటె, ఏ ఏడూ పస్తులుండవలసిన స్థితి రాకుండా చూసుకోవడమే ఆ కుటుంబానికి ముఖ్యం.

మడులలోనే కాదు, ఒక్కొక్క మడి లోపల కూడా ఇదే సూత్రం పనిచేస్తుంది. రైతు ఒకే మడిలో పలు రకాల దుంపలను కలగలిపి నాటుతాడు. ఎర్రనివి, నల్లనివి, ఊదా రంగువి, పసుపు పచ్చనివి, గుండ్రనివి, పొడుగువి, వంకరటింకరవి పక్కపక్కనే పెరుగుతాయి. వాటిలో కొన్ని చలికి ఓర్చుకుంటాయి. కొన్ని వర్షాభావాన్ని తట్టుకుంటాయి. కొన్ని తెగులుకు లొంగవు. ఏ సంవత్సరం ఏ ఆపద వస్తుందో ముందుగా ఎవరికీ తెలియదు గనుక రైతు అన్ని ఆపదలకూ ఎంతో కొంత సిద్ధంగా ఉంటాడు. ఆండీస్ ప్రాంతమంతటా ఇటువంటి దేశవాళీ రకాలు నాలుగు వేలకు పైగా ఉన్నాయని లెక్క. ఒక్క కుటుంబం పొలంలోనే పదుల కొద్దీ రకాలు కనబడటం అక్కడ సాధారణం.

పెరూ, బొలీవియాలలోని ఆండీస్ ప్రాంతం భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నందువల్ల అక్కడి ఋతువులు మనకు విపరీతంగా ఉంటాయి. జూన్, జూలై నెలలు అక్కడ కఠినమైన శీతకాలం. అక్టోబరు మొదలు మార్చి వరకు వానలు. ఏళ్ల తరబడి బీడుగా వదిలిన నేలను వానకాలం ముగిసే వేళ, పదును ఆరకముందే తిరగవేస్తారు. నిటారైన ఆ వాలులపై ఎద్దులను కట్టి నాగలి నడపడం సాధ్యం కాదు. అందుకు వారి వద్ద ‘చాకితాక్ల’ అనే పనిముట్టు ఉంది. చాకి అంటే పాదం. నిలువెత్తు కర్ర, దాని పైభాగాన చేతిపిడి, కింద కాలు మోపే అడ్డకర్ర, కొనకు గట్టి పలుగు — ఇదే దాని స్వరూపం. ఇద్దరు పురుషులు పక్కపక్కన నిలిచి, పాదంతో అదిమి పలుగును నేలలో దింపి, పిడిని వెనుకకు వంచి మట్టి పెళ్లను ఎత్తుతారు. వారి ఎదుట ఒక స్త్రీయో, ఎదిగిన బిడ్డో నిలిచి ఆ పెళ్లను చేతులతో పక్కకు తిప్పివేస్తారు. ముగ్గురి కదలిక ఒకే లయలో సాగితేనే పని ముందుకు నడుస్తుంది. ఇంకా సామ్రాజ్యం కాలంలో వాడిన ఈ పనిముట్టు నేటికీ ఆ వాలులపై పని చేస్తూనే ఉంది. నేలను లోతుగా పెళ్లగించక పోవడం చేత వాలుమీది మట్టి వానకు కొట్టుకుపోవడం తగ్గుతుంది.

ఇంత శ్రమ ఒక్క కుటుంబం వల్ల అయ్యేది కాదు. అందుకే ‘ఐని’ అనే ఆచారం ఏర్పడింది. నేడు ఒక ఇంటివారి మడిలో పొరుగువారు వచ్చి పని చేస్తారు. రేపు ఈ ఇంటివారు వెళ్లి ఆ ఋణం తీరుస్తారు. కూలి డబ్బు చేతులు మారదు. పని చేయించుకునే ఇంటివారు ఆ పూట భోజనం పెడతారు. మన పల్లెలలో నాట్లకూ కోతలకూ రైతులు ఒకరికొకరు బదులు పని చేసుకునే అలవాటు ఎరిగినవారికి ఇది కొత్తగా తోచదు. పనిచేసే చేతులు తక్కువై, నేల గట్టిదైన చోట మనుషులు ఇలా ఒకరినొకరు ఆనుకుని బతకడం నేర్చుకున్నారు.

విత్తనం ఎప్పుడు వేయాలన్నది రైతుకు ప్రతి ఏటా ఎదురయ్యే కఠినమైన ప్రశ్న. మన రైతులు కార్తెలను చూసి సేద్యం చేసినట్లే ఆండీస్ రైతులూ ఆకాశాన్ని చదివారు. జూన్ నెల చివర, అక్కడి వారు సెయింట్ జాన్ పండుగ జరుపుకునే రోజులలో, పెద్దలు తెల్లవారకముందే కొండమీదికి వెళ్లి కృత్తికా నక్షత్రాలను పరిశీలిస్తారు. అవి ప్రకాశవంతంగా, ఎక్కువ సంఖ్యలో కనిపిస్తే వానలు సకాలంలో వస్తాయని తలుస్తారు. మసకగా కనిపిస్తే వానలు ఆలస్యమవుతాయని భావించి నాట్లను కొన్ని వారాలు వెనుకకు జరుపుతారు. దీనిని చాలాకాలం చదువుకున్నవారు మూఢనమ్మకమని కొట్టివేశారు. 2000 సంవత్సరంలో ‘నేచర్’ అనే శాస్త్ర పత్రికలో వెలువడిన ఒక పరిశోధన ఈ పరిశీలనకు ఆధారం ఉన్నదని చూపింది. పసిఫిక్ మహాసముద్ర జలాలు వేడెక్కే ఎల్ నినో సంవత్సరాలలో ఆండీస్ మీదుగా ఆకాశంలో చాలా ఎత్తున, కంటికి ఆనని పలుచని మబ్బుతెర ఏర్పడుతుంది. నక్షత్రాలను మసకబార్చేది ఆ తెరయే. అటువంటి ఏళ్లలోనే తరువాతి నెలలలో అక్కడ వానలు తగ్గుతాయి. కారణం తెలియకపోయినా, తరతరాల పరిశీలన వారిని సరైన నిర్ణయం వైపు నడిపించిందన్నమాట.

వానలు మొదలయ్యే అక్టోబరు, నవంబరు నెలలలో నాట్లు సాగుతాయి. పురుషుడు చాకితాక్లతో గుంట తీస్తే, స్త్రీ విత్తన దుంపను అందులో ఉంచుతుంది. దుంపతోపాటు గుప్పెడు గొర్రె పెంటగాని, లామా, అల్పాకా జంతువుల ఎరువుగాని వేస్తారు. మొక్క జానెడు ఎత్తు పెరిగిన తరువాత కలుపు తీసి, మట్టిని మొదలుకు ఎగదోసి బోదె కడతారు. ఈ పని పంటకాలంలో రెండు మార్లు జరుగుతుంది. వెలుగు తగిలిన దుంప ఆకుపచ్చబడి చేదెక్కుతుంది. అది తింటే ఆరోగ్యానికి హాని. బోదెలోని మట్టి ఆ వెలుగును అడ్డుకుంటుంది. చలి నుంచీ కొంత కాపాడుతుంది. కాండానికి మరిన్ని దుంపలు ఊరడానికి చోటిస్తుంది.

ఏప్రిల్ నుంచి జూన్ వరకు దుంపలు తవ్వుతారు. పొట్టి పిడి గల చిన్న గుద్దలితో, దుంపకు గాయం తగలకుండా బోదెను విప్పడం నేర్పుతో కూడిన పని. తవ్వకం రోజు మధ్యాహ్నం చేనులోనే విందు. మట్టి పెళ్లలను గోపురంలా పేర్చి లోపల మంట వేస్తారు. పెళ్లలు కణకణలాడేటప్పుడు నిప్పు మీద దుంపలు వేసి గోపురాన్ని వాటిపై కూల్చివేస్తారు. కొంతసేపటికి తవ్వి తీస్తే అవి మట్టి వాసనతో కమ్మగా మగ్గి ఉంటాయి. మన పల్లెలలో తేగలను తంపట వేసుకుని తిన్నవారు ఆ రుచిని సులువుగా ఊహించుకోగలరు.

విందు ముగిసిన తరువాత అసలైన పని మొదలవుతుంది. ఆ పని ప్రధానంగా స్త్రీలది. కుప్ప పోసిన దుంపల ముందు కూర్చుని ఇంటి ఇల్లాలు ఒక్కొక్క దానిని చేతిలోకి తీసుకుని వేరు చేస్తుంది. వండుకునేవి ఒకవైపు, ఎండబెట్టవలసినవి మరొకవైపు, చుట్టాలకు ఇవ్వదగినవి, అమ్మదగినవి వేరొకవైపు, వచ్చే ఏటి విత్తనం అన్నింటికంటె జాగ్రత్తగా ఇంకొకవైపు. ఆమెకు ప్రతి రకమూ పేరు పెట్టి తెలుసు. పూమా అనే అడవి పిల్లి పంజాను పోలినదాని పేరు ‘పూమా మాకి’. మరొక రకం ఒళ్లంతా గుంటలూ బుడిపెలూ ఉండి చెక్కు తీయడానికి ఎంతకూ లొంగదు. దానికి ‘కోడలిని ఏడిపించేది’ అని పేరు. కొత్త కోడలి ఓర్పునూ నేర్పునూ అత్తగారు ఆ దుంపతో పరీక్షించేదని చెబుతారు. ఏ రకం ఏ మడికి తగినది, ఏది త్వరగా ఉడుకుతుంది, ఏది ఎన్నాళ్లు నిలుస్తుంది అనే వివరాలు ఏ గ్రంథంలోనూ లేవు. తల్లి పక్కన కూర్చుని దుంపలు ఏరిన కూతురు వాటిని వింటూ నేర్చుకుంటుంది. ఆ కూతురు అక్కడ కూర్చోవడం మానితే ఆ విద్య అక్కడితో ఆగిపోతుంది.

ఏరిన విత్తనాన్ని చీకటి గదిలో గడ్డి పరచి నిల్వ చేస్తారు. దుంపల వరుసల నడుమ ‘మూన్యా’ అనే పుదీనా జాతి మొక్క ఆకులు పేరుస్తారు. దాని ఘాటు వాసనకు పురుగులు దూరంగా ఉంటాయి. దుంపలు అకాలంలో మొలకెత్తవు. తెలుగు రైతు విత్తనాల గాదెలో వేపాకు వేయడం వెనుక ఉన్న తెలివిడి కూడా ఇటువంటిదే.

పచ్చి దుంపలో అయిదింట నాలుగు వంతులు నీరే. అందుచేత అది ఎక్కువ కాలం నిలవదు. పంట చేతికి రాని ఏడు ఇంటిల్లిపాదీ ఏమి తినాలి? ఈ ప్రశ్నకు ఆండీస్ ప్రజలు చెప్పిన సమాధానం ‘చున్యో’. జూన్, జూలై నెలల గడ్డకట్టే రాత్రులలో దుంపలను చదునైన బయలు నేలపై పరుస్తారు. రాత్రి అవి రాయిలా బిగుసుకుంటాయి. పగటి ఎండకు మెత్తబడతాయి. ఇలా కొన్ని రాత్రులు గడిచిన తరువాత కుటుంబమంతా వాటిని కుప్పలుగా చేసి పాదాలతో తొక్కి నీరు పిండుతారు. చెక్కు కూడా ఊడిపోతుంది. ఆపై ఎండలో ఆరబెడితే అవి గులకరాళ్లవలె తేలికై నల్లబడతాయి. కొన్నింటిని పారే చల్లని నీటిలో వారాల తరబడి నానబెట్టి తెల్లని చున్యో తయారు చేస్తారు. ఇలా ఆరినవి ఏళ్ల తరబడి చెడిపోకుండా నిలుస్తాయి. మిక్కిలి ఎత్తున, మరే పంటా నిలవని చోట పెరిగే కొన్ని చేదు రకాలు ఉన్నాయి. వాటిలో విషపదార్థాలు ఎక్కువ కాబట్టి పచ్చిగా ఉన్నప్పుడు తినడానికి పనికిరావు. ఈ ప్రక్రియలో ఆ చేదు తొలగిపోతుంది. ప్రాణాలు తీయగల చలినే పనిముట్టుగా మలచుకుని ఆహారాన్ని దాచుకున్న జాతి అది. ఇంకా ప్రభువులు రాతి గిడ్డంగులలో చున్యోను నిల్వ చేసి, యుద్ధకాలంలోనూ కరువుకాలంలోనూ వినియోగించారు.

ఈ సేద్యంలో నేలకు విశ్రాంతి ఇవ్వడం మరొక ముఖ్యాంశం. గ్రామానికి చెందిన ఎత్తైన భూములను కొన్ని భాగాలుగా విభజిస్తారు. ఈ సంవత్సరం ఏ భాగంలో దుంప వేయాలో గ్రామమంతా కలిసి నిర్ణయిస్తుంది. మరుసటి ఏడు అక్కడ ఇతర దుంపజాతి పంటలనో, చిక్కుడు జాతి పంటలనో, బార్లీనో వేస్తారు. ఆ తరువాత అది కొన్నేళ్లు బీడుగా ఉంటుంది. గొర్రెలు, లామాలు అక్కడ మేస్తూ దానికి ఎరువునిస్తాయి. చాలా గ్రామాలలో ఒకసారి దుంప వేసిన చోట మళ్లీ దుంప వేయడానికి ఏడేళ్లు గాని, అంతకు మించి గాని పడుతుంది. బంగాళాదుంప వేళ్లను పట్టి పీడించే నులిపురుగులు నేలలో దాగి ఉంటాయి. ఏళ్ల తరబడి ఆహారం దొరకక వాటి సంఖ్య క్షీణిస్తుంది. మందు చల్లకుండానే పురుగును అదుపు చేసే ఉపాయమిది. అయితే ఒక్క కుటుంబం నియమం తప్పినా ఊరంతటి పంటకూ ముప్పే. అందుచేతనే ఈ విషయంలో గ్రామం మాటకు ఎదురుండదు.

ఇన్ని జాగ్రత్తలు నిజంగా అవసరమా అన్న సందేహం కలగవచ్చు. దానికి సమాధానం ఆండీస్‌లో కాదు, ఐరోపాలోని ఐర్లండ్ చరిత్రలో దొరుకుతుంది. 1532లో పెరూలో అడుగుపెట్టిన స్పెయిన్ దేశీయులు వెండి బంగారాలతోపాటు ఆ శతాబ్దంలోనే ఈ దుంపను కూడా ఐరోపాకు తీసుకువెళ్లారు. వెళ్లినవి కొన్ని రకాలే; వాటి వెనుక ఉన్న సేద్య జ్ఞానం వెళ్లలేదు. ఐర్లండ్‌లో మంచి భూములు భూస్వాముల చేతులలో ఉండేవి. పేద కౌలుదారుకు దక్కినది కొద్దిపాటి చెక్క. ఆ కొద్ది నేలలోనే ఇంటిల్లిపాదికీ తిండి పెట్టగలిగినది బంగాళాదుంప ఒక్కటే. అందునా అధిక దిగుబడి ఇచ్చే ‘లంపర్’ అనే రకాన్ని పేదలు విస్తారంగా నాటారు. 1845లో ఆకుమాడు తెగులు వచ్చింది. శిలీంధ్రాన్ని పోలిన ఒక సూక్ష్మజీవి దానికి కారణం. ఆకులు నల్లబడి, నేలలోని దుంపలు కుళ్లిపోయాయి. తెగులుకు ఎదురు నిలిచే రకం ఆ చేలలో లేకపోయింది. మరుసటి సంవత్సరం నష్టం మరింత తీవ్రమైంది. 1852 వరకు సాగిన ఆ మహాక్షామంలో సుమారు పది లక్షల మంది ఆకలితోనూ వ్యాధులతోనూ మరణించారు. మరో పది లక్షల మందికి పైగా దేశం విడిచి వెళ్లారు. అదే కాలంలో ఐర్లండ్ నుంచి ధాన్యం, పశువులు ఇంగ్లండుకు ఎగుమతి అవుతూనే ఉన్నాయి. కనుక ఆ క్షామానికి తెగులు ఒక్కటే కారణం కాదు. అన్యాయమైన భూస్వామ్యం, పాలకుల నిర్దయ కూడా కారణాలే. కాని ఒక జాతి మొత్తం ఒకే రకం విత్తనం మీద ఆధారపడటం ఎంత ప్రమాదకరమో చెప్పడానికి ఇంతకంటె విషాదకరమైన ఉదాహరణ అరుదు.

ఆండీస్‌లోని ఈ సేద్యాన్ని లోపాలు లేనిదిగా చిత్రించడం సత్యం కాదు. ఆధునిక వంగడాలతో పోల్చితే దేశవాళీ రకాల దిగుబడి తక్కువ. శ్రమ అధికం. నగరాలలోని వర్తకులు ఒకే పరిమాణం, ఒకే రంగు గల నున్నని దుంపలనే అడుగుతారు. అందుచేత చాలా కుటుంబాలు కింది మడులలో అమ్మకానికి ఆధునిక రకాలనూ, పై మడులలో ఇంటి తిండికి దేశవాళీ రకాలనూ వేస్తున్నాయి. పిల్లలు చదువుకోసం, ఉపాధికోసం పట్టణాలకు వెళుతున్నారు; ఆ కోరిక న్యాయమైనదే. కాని వారితోపాటు పొలంలో చేతులు తగ్గుతున్నాయి. వీటన్నిటికీ తోడు వాతావరణం వేడెక్కుతున్నది. ఒకప్పుడు చలికి భయపడి కింది లోయలలోనే ఉండిపోయిన తెగులు ఇప్పుడు పైకి పాకుతున్నది. దానిని తప్పించుకోవడానికి రైతులు తమ దుంపలను ఏటికేడు మరింత ఎత్తున నాటవలసి వస్తున్నది. కొండకు మాత్రం ఒక శిఖరం ఉంటుంది; దానికి ఆపైన పొలం లేదు.

ఈ స్థితిని ఎదుర్కొనడానికి పెరూలోని కుస్కో నగరానికి సమీపాన, పిసాక్ వద్ద కొన్ని క్వెచువా గ్రామాలు 2002 ప్రాంతంలో ఏకమయ్యాయి. సుమారు తొమ్మిది వేల హెక్టార్ల తమ భూమిని ‘బంగాళాదుంప ఉద్యానం’గా ప్రకటించుకుని, అందులో దేశవాళీ రకాలను సమష్టిగా కాపాడుతున్నాయి. రాజధాని లిమాలో 1971లో స్థాపితమైన అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం ఆండీస్ గ్రామాల నుంచి సేకరించిన వేలాది రకాలను తన జన్యునిధిలో భద్రపరిచింది. 2004లో ఆ కేంద్రంతో గ్రామస్థులు ఒక ఒప్పందం చేసుకున్నారు. దాని ప్రకారం తమ పొలాల నుంచి కనుమరుగైన రకాలెన్నో తిరిగి వారి చేతికి వచ్చాయి. పుట్టింటి విత్తనం పుట్టింటికి చేరింది. 2015లో ఆ గ్రామాలవారు తమ దుంపల విత్తనాలను ఉత్తరధ్రువానికి సమీపంలో, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ ద్వీపసమూహంలోని ప్రపంచ విత్తన భాండాగారంలో కూడా దాచారు.

విత్తనాలు శీతల గిడ్డంగులలో భద్రంగా ఉన్నప్పుడు రైతులు శ్రమపడి పొలంలో వాటిని పెంచడం ఎందుకన్న ప్రశ్న సహజం. గిడ్డంగిలో దాచిన విత్తనం దాచిన నాడు ఎలా ఉన్నదో అలాగే ఉంటుంది. పొలంలోని విత్తనం మాత్రం కాలంతోపాటు నడుస్తుంది. దుంప మొక్క పూచి కాచినప్పుడు ఆ చిన్న కాయలలోని గింజల నుంచి అప్పుడప్పుడు సరికొత్త రకాలు పుడతాయి. మారుతున్న చలికీ, వేడికీ, తెగులుకూ తట్టుకున్నవాటిని రైతు గుర్తించి నిలుపుకుంటాడు. శాస్త్రజ్ఞులు కొత్త వంగడాలను రూపొందించేటప్పుడు తెగులును తట్టుకునే గుణం కోసం దేశవాళీ రకాలనూ, అడవి జాతులనూ ఆశ్రయిస్తారు. అంటే ఎక్కడో కొండమీద ఒక పేద కుటుంబం కాపాడిన దుంప, దానిని ఎన్నడూ చూడని దేశాల అన్నపాత్రకు కూడా రక్షణ కల్పించవచ్చు. ఐక్యరాజ్యసమితి 2008ని అంతర్జాతీయ బంగాళాదుంప సంవత్సరంగా జరిపింది. పెరూ దేశం జాతీయ బంగాళాదుంప దినంగా పాటించే మే 30వ తేదీనే 2024 నుంచి అంతర్జాతీయ బంగాళాదుంప దినంగా కూడా జరుపుతున్నారు.

ఈ పాఠం తెలుగు నేలకు దూరమైనది కాదు. తెలంగాణలోని జహీరాబాద్ పరిసరాలలో రైతులు యాసంగిలో ఆలుగడ్డ పండిస్తారు. అదే ప్రాంతంలో, పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలలోని పేద మహిళలు జొన్న, కొర్ర, సామ వంటి పాత పంటల విత్తనాలను తమ ఇళ్లలో కాపాడుతూ వచ్చారు. ఒకే చెలకలో పలు పంటలు కలిపి వేసి, విత్తనాన్ని బూడిదతోనూ వేపాకుతోనూ గంపలలో దాచి, అడిగిన పొరుగువారికి ఇచ్చి, పంట చేతికి వచ్చాక కొంత కలిపి తిరిగి తీసుకోవడం వారి పద్ధతి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఆ సంఘాలను ఈక్వేటర్ బహుమతితో గౌరవించింది. ఆండీస్ ఇల్లాలికీ జహీరాబాద్ ఇల్లాలికీ భాష వేరు, నేల వేరు, పంట వేరు. కాని దోసిట్లోని విత్తనాన్ని ఏరేటప్పుడు ఇద్దరి ఆలోచనా ఒక్కటే: ఏ ఏడు ఏమి వస్తుందో తెలియదు, ఏదో ఒకటి మిగలాలి.

ఆ చిన్న పొలాలను వెనుకబాటుతనానికి గుర్తుగా చూసిన కాలం ఒకటి ఉన్నది. నిజానికి అవి వేల సంవత్సరాల అనుభవం వ్రాసి పెట్టుకున్న పుటలు. వాటిని చదవగలిగిన చేతులు ఉన్నంత కాలమే అవి నిలుస్తాయి. దిగుబడి పెంచే శాస్త్రమూ, వైవిధ్యాన్ని కాపాడే సంప్రదాయమూ ఒకదానికొకటి శత్రువులు కావు. రెండూ కలిసినప్పుడే రేపటి తరానికి ఆకలి భయం తగ్గుతుంది. ఆ కలయికకు పూనుకోవలసినది చదువుకున్న యువతరం. తల్లి పక్కన కూర్చుని దుంపలు ఏరిన బిడ్డయే రేపు ప్రయోగశాలలో కూర్చుంటే అంతకంటె కావలసినదేమున్నది!

అభ్యాసం

అ. ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. ఆండీస్ రైతు కుటుంబం నాట్ల నుంచి నిల్వ వరకు బంగాళాదుంపను సాగు చేసే విధానాన్ని వివరించండి.
2. ఐర్లండ్ క్షామానికి దారితీసిన కారణాలను తెలిపి, ఆండీస్ సేద్యంతో పోల్చండి.

ఆ. ఈ క్రింది ప్రశ్నలకు అయిదు పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. కృత్తికా నక్షత్రాల పరిశీలనకూ వానలకూ గల సంబంధం ఏమిటి?
2. ‘చున్యో’ను ఎలా తయారు చేస్తారు?
3. గిడ్డంగిలోని విత్తనానికీ పొలంలోని విత్తనానికీ గల భేదమేమిటి?
4. మీ ప్రాంతంలో కనుమరుగవుతున్న ఒక పంట రకాన్ని గురించి పెద్దలను అడిగి తెలుసుకొని వ్రాయండి.